పార్వతీబాయి రాజ్యంలో ‘ప్రజలు’ ఎవరు?

తిరువాన్కూరు రాణి గౌరీ పార్వతీబాయి పేరును విద్యా చరిత్ర రాసేవాళ్ళు ఎంతో గౌరవంగా తలుచుకుంటారు. 1817లో ఆమె ఒక రాజాజ్ఞ జారీ చేసింది. ప్రజల చదువుకయ్యే ఖర్చు మొత్తం సర్కారే పెట్టుకోవాలనీ, చదువుకున్నవాళ్ళు మంచి పౌరులూ మంచి ఉద్యోగులూ అవుతారనీ, రాజ్యానికి మంచి పేరొస్తుందనీ దాని సారాంశం. దేశంలో కంపెనీ పాలకులు ఇంకా చదువుల మాట పెద్దగా పట్టించుకోని రోజులవి. కేరళ ఇవాళ చదువులో ముందుండడానికి పునాది అక్కడే పడిందని పాఠాలు చెప్తారు.

దాదాపు పన్నెండేళ్ళకు, 1829 ఫిబ్రవరి 3న, అదే రాణి పేరు మీద ఇంకో ప్రకటన వచ్చింది. షానారు కులపు ఆడవాళ్ళు భుజం మీద గుడ్డ వేసుకుని రొమ్ములు కప్పుకోవడం తగని పని అనీ, ఇకమీదట అలా చెయ్యకూడదనీ ఆ ప్రకటన చెప్పింది. మొదటి ఆజ్ఞ ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. రెండోది మిషనరీల చరిత్రలోనో, కుల కలహాల అధ్యాయంలోనో కనిపిస్తుంది. రెండూ ఒకే పాలకురాలి ఆజ్ఞలేనన్న సంగతి చాలామంది విద్యార్థులకు తెలియదు. ఈ రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చదువుదాం. అప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. రాణి ‘ప్రజలు’ అన్నప్పుడు ఆమె లెక్కలో ఎవరున్నారు?

గద్దె, కంపెనీ, మేనరికపు వారసత్వం

ముందు రాణి గద్దెనెక్కిన తీరు చూద్దాం. తిరువాన్కూరు రాజవంశంలో వారసత్వం తల్లి వైపు నుంచి వస్తుంది. రాజు కొడుకు రాజు కాడు, రాజు అక్కచెల్లెళ్ళ కొడుకు రాజవుతాడు. దీన్నే మరుమక్కత్తాయం అంటారు. అందువల్ల ఆట్టింగల్ రాణులకు ఆ వంశంలో మొదట్నుంచీ పెద్ద స్థానం ఉంది. ఇంగ్లీషువాళ్ళు వచ్చి ఆడవాళ్ళకు అధికారం ఇచ్చారనుకుంటే పొరపాటే. 17వ శతాబ్దంలోనే అక్కడ ఉమయమ్మ రాణి పాలించింది.

అయితే పార్వతీబాయి నాటికి గద్దె మీద కంపెనీ నీడ గట్టిగా పడింది. 1805 ఒప్పందంతో తిరువాన్కూరు ఏటా 8 లక్షల రూపాయలు కంపెనీకి కట్టాల్సి వచ్చింది. ఆ భారం మీద తిరగబడ్డ దివాన్ వేలుతంపి 1809లో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 1810లో రాజు చనిపోతే వంశంలో తగిన మగవాడు లేక పార్వతీబాయి అక్క గౌరీ లక్ష్మీబాయి పాలనకు వచ్చింది. ఆమె రెసిడెంటు కల్నల్ మన్రోనే దివాన్‌గా కూడా పెట్టుకుంది. 1815లో లక్ష్మీబాయి చనిపోయింది. ఆమె కొడుకు స్వాతి తిరునాళ్ అప్పటికి రెండేళ్ళవాడు. ఆ పిల్లవాడి పేరు మీద చెల్లెలు పార్వతీబాయి పాలన మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళు. 1829 దాకా పద్నాలుగేళ్ళు ఆమె పాలించింది.

ఆమె చేతిలో ఏమీ లేదు, అంతా మన్రోనే నడిపించాడని కొందరంటారు. ఇక్కడ ఒక తమాషా గమనించాలి. బడులు పెట్టించిన గొప్పతనం లెక్క కట్టేటప్పుడు అది రాణి ఖాతాలో పడుతుంది. గుడ్డ వద్దన్న ప్రకటన దగ్గరికి వచ్చేసరికి అది దివాన్ల పని, పై కులాల ఒత్తిడి, కాలధర్మం అయిపోతుంది. ఇలా రెండు త్రాసులతో తూచడం చరిత్ర కాదు. మన్రో 1819కే తిరువాన్కూరు వదిలి వెళ్ళాడు. 1829 ప్రకటన నాటికి రాణికి ఇరవై ఆరేళ్ళు దాటాయి, పాలనలో పద్నాలుగేళ్ళ అనుభవం ఉంది. ఆ కాగితం ఆమె రాజ్యం కాగితమే.

భూమితోపాటు అమ్ముడయ్యే మనుషులు

ఈ రాజ్యంలో అందరికన్నా కింద ఉన్నవాళ్ళెవరు? పులయలు, పరయలు, కురవలు. పొలంలో పుట్టి, పొలంలో చాకిరీ చేసి, పొలంతోపాటు చేతులు మారిన మనుషులు వీళ్ళు. నడి దారి మీద నడవకూడదు. పై కులాల వాళ్ళకు ఇంత దూరంలో ఉండాలని అడుగుల లెక్క ఉండేది. ‘నేను’ అనే మాట కూడా వీళ్ళకు లేదు. ‘అడియేన్’, అంటే మీ పాదాల దగ్గరి బానిసను అని చెప్పుకోవాలి.

లక్ష్మీబాయి 1812లో బానిసల అమ్మకం, కొనుగోలు ఆపిందని ఆమెను మెచ్చుకుంటారు. ఆ ప్రకటన పూర్తిగా చదివితే సంగతి వేరే ఉంది. సాగు కోసం భూమికి కట్టుబడ్డ బానిసలకు ఈ ఆజ్ఞ వర్తించదని అందులోనే మినహాయింపు పెట్టారు. పులయలు, కురవలు, పళ్ళర్లు ఆ మినహాయింపులోకి వచ్చారు. అంటే ఎవరి చాకిరీ మీద రాజ్యం అన్నం తింటున్నదో వాళ్ళను మాత్రం వదలలేదు.

చెల్లెలి పాలనలోనూ ఇందులో మార్పు రాలేదు. రాజ్యం తానే బానిసల యజమాని. సర్కారు భూములతోపాటు సర్కారు బానిసలూ ఉండేవాళ్ళు. పార్వతీబాయి దిగిపోయిన ఏడేళ్ళకు, 1836లో తీసిన జనాభా లెక్కల్లో తిరువాన్కూరు జనం సుమారు 12 లక్షల 80 వేలు. అందులో బానిసలు 1 లక్షా 64 వేలకు పైనే. ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. ప్రజల చదువు ఖర్చు సర్కారుదే అన్న రాణి రాజ్యంలో ఇంతమంది మనుషులు ఆస్తి జాబితాలో ఉన్నారు.

1817 బడి దారి

చరిత్ర పుస్తకాల్లో మనకు కనిపించే 1817 ఆజ్ఞ మాటల్లో ఏ కులం ప్రస్తావనా లేదు. ఫలానావాళ్ళు రాకూడదని అందులో రాసి లేదు. అందుకని అది అందరికీ వర్తించే ఆజ్ఞ అనుకోవచ్చా? రాయాల్సిన అవసరమే లేకపోయింది. బడికి పోవాలంటే దారి మీద నడవాలి. పులయ పిల్లకు ఆ దారే లేదు. బడిలో చెప్పే పంతులు ఆ పిల్లను తాకడు, ఆ పిల్ల కూర్చున్న చోట పై కులాల పిల్లలు కూర్చోరు. ఆచారం వాకిట్లో కాపలా కాస్తుంటే చట్టం తలుపు తెరిచి పెట్టినా ఒకటే, మూసి పెట్టినా ఒకటే.

ఇంకో మాట. చదువు ఎందుకంటే మంచి ఉద్యోగులు తయారవడానికి అని ఆ ఆజ్ఞే చెప్తున్నది. కంపెనీ పద్ధతిలో కచేరీలు, లెక్కలు, రికార్డులు పెరుగుతున్న కాలం అది. రాజ్యానికి రాతగాళ్ళు కావాలి. ఉద్యోగం దొరికే కులాలు ఏవో ముందే తెలుసు. కాబట్టి ఆ ఆజ్ఞలో ‘ప్రజలు’ అన్న మాటకు హద్దులు కూడా ముందే గీసి ఉన్నాయి.

మైలాడి నుంచి నాగర్‌కోయిల్ దాకా

ఆ హద్దుల బయట ఉన్నవాళ్ళు వేరే దారి వెతుక్కున్నారు. తిరువాన్కూరు దక్షిణ భాగంలో మైలాడి అనే ఊరుంది. అక్కడ పరయ కులంలో పుట్టిన మహరాసన్ క్రైస్తవం తీసుకుని వేదమాణిక్యం అయ్యాడు. తన ఊరికి మిషనరీని పిలిపించుకున్నది అతనే. వచ్చినవాడు లండన్ మిషనరీ సొసైటీకి చెందిన రింగెల్‌తౌబె. 1809లో మైలాడిలో గుడి కట్టారు. ఇక్కడ మన ప్రాంతంతో ఒక సంబంధం ఉంది. 1804లో ఆ సొసైటీ తరఫున రింగెల్‌తౌబెతో కలిసి దక్షిణ దేశానికి వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరే 1805లో విశాఖపట్నంలో మిషన్ పెట్టారు. మాల మాదిగ పేటల్లోకి చదువు ఎట్లా వచ్చిందో ఆలోచించే మనకు మైలాడి కథ కొత్తగా అనిపించదు.

ఇక్కడ రాణికి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చి తీరాలి. మన్రో సిఫారసు మీద ఆమె నాగర్‌కోయిల్ మిషన్‌కు బంగళా ఇచ్చింది, వరి పొలాలు కొనుక్కోవడానికి 5,000 రూపాయలు ఇచ్చింది. ఆ ఆదాయంతో మీడ్ దొర పెట్టిన బడి నడిచింది. మాల్ట్ దొరసాని ఆడపిల్లలకు చదువుతోపాటు లేసు అల్లిక నేర్పింది. ఆ పిల్లల్లో బానిస ఇళ్ళ పిల్లలు కూడా ఉన్నారు. సర్కారు బడి దారిలో అడుగు పెట్టలేనివాళ్ళు మిషన్ బడిలో అక్షరాలు దిద్దుకున్నారు.

అయితే తాను డబ్బిచ్చిన బడిలో చదివిన ఆడపిల్ల ఒకనాడు భుజాన గుడ్డ వేసుకుని సంతలోకి నడిచి వస్తే రాజ్యం ఏం చేసింది? అసలు కథ అక్కడ మొదలైంది.

భుజం మీద గుడ్డ

పై కులం వాళ్ళ ముందు కింది కులం వాళ్ళు నడుం పైన గుడ్డ లేకుండా నిలబడడం ఆ రాజ్యపు మర్యాద. ఆడామగా ఇద్దరికీ ఇదే నియమం. నాయరు స్త్రీలు కూడా దేవుడి ముందు, నంబూద్రి ముందు పై గుడ్డ తీయాల్సిందే. మెట్లు మెట్లుగా ఉండే ఈ మర్యాదలో ఏ మెట్టుమీదివాళ్ళు ఎవరి ముందు గుడ్డ తీయాలో అందరికీ తెలుసు. షానార్లు, అంటే ఇవాళ్టి నాడార్లు, కల్లు గీత వృత్తిగా ఉన్నవాళ్ళు. పులయ, పరయలకన్నా పై మెట్టు మీద ఉన్నా సవర్ణుల లెక్కలో వాళ్ళూ అంటరానివాళ్ళే. తల పన్ను కట్టాలి, సర్కారుకు ‘ఊళియం’ చెయ్యాలి. ఊళియం అంటే మన వెట్టిచాకిరే.

మన్రో దివాన్‌గా ఉన్నప్పుడే క్రైస్తవం తీసుకున్న షానారు ఆడవాళ్ళు ఒళ్ళు కప్పుకోవచ్చని అనుమతి వచ్చింది. పై కులాల వాళ్ళు అభ్యంతరం చెప్పారు. 1814లో సర్దుబాటు చేశారు. సిరియన్ క్రైస్తవులు, మాప్పిళ్ళలు తొడుక్కునే ‘కుప్పాయం’ అనే రవికె లాంటిది తొడుక్కోవచ్చు, నాయరు స్త్రీల మాదిరి భుజం మీద గుడ్డ మాత్రం వేసుకోకూడదు. ఆడవాళ్ళు ఈ సర్దుబాటుకు లొంగలేదు. రవికె మీద గుడ్డా వేసుకున్నారు. 1822లో కల్కుళం ప్రాంతంలో గొడవలు మొదలయ్యాయి. 1827 నుంచి మరీ ముదిరాయి. సంతల్లో ఆడవాళ్ళ గుడ్డలు లాగి చింపారు, కొట్టారు. ప్రార్థన మందిరాలు, బడులు తగలబెట్టారు.

ఆ మంటల మధ్య వచ్చింది 1829 ప్రకటన. షానారు స్త్రీలు పై గుడ్డ వేసుకోకూడదు. క్రైస్తవులైతే కుప్పాయం చాలు. షానార్లు ఎప్పటిలాగే ఊళియం చెయ్యాలి, ఆదివారం మాత్రం క్రైస్తవులకు మినహాయింపు. ఫిర్యాదులుంటే సర్కారు అధికారుల దగ్గరికి పోవాలి, మిషనరీల దగ్గరికి కాదు. అనుమతి లేకుండా ప్రార్థన మందిరాలు కట్టకూడదు.

ఈ అంశాల్ని విడివిడిగా చదివే అలవాటు ఉంది. కలిపి చదివితేనే అర్థం తెలుస్తుంది. సిగ్గు, మర్యాద అనేవి రాజ్యానికి అడ్డమైతే కుప్పాయం కూడా వద్దనాలి గదా. కుప్పాయం తొడుక్కుంటే ఒళ్ళు కప్పుకున్నట్టే. రాజ్యానికి అభ్యంతరం ఒళ్ళు కప్పుకోవడం మీద లేదు. ఆ గుడ్డతో షానారు మనిషికీ నాయరు మనిషికీ తేడా చెరిగిపోవడం మీద ఉంది. గుడ్డ గురించి చెప్పిన కాగితంలోనే ఊళియం గురించి కూడా చెప్పడం కాకతాళీయం కాదని నా అభిప్రాయం. దూరం నుంచి చూడగానే ఈ మనిషి ఎవరో, ఏ చాకిరీకి పిలవొచ్చో తెలియాలి. భుజం కప్పుకున్న మనిషిని వెట్టికి పిలవడానికి నోరు తడబడుతుంది. రాజ్యానికి కావాల్సింది ఆ తడబాటు లేకుండా ఉండడమే.

రాణీ ఆడదే, సంతలో గుడ్డ చింపించుకున్నవాళ్ళూ ఆడవాళ్ళే. అయినా రాణి సాటి ఆడదానిగా ఆలోచించలేదేం అని అడుగుతారు. ఆమె గద్దె మీద ఉన్నది ఆడదైనందుకు కాదు, ఆ వంశంలో పుట్టినందుకు. తల్లి వైపు వారసత్వం ఆమెకు రాజ్యం ఇచ్చింది. ఆ వారసత్వమే పులయ స్త్రీకి భూస్వామి పొలంలో పుట్టుకనిచ్చింది. ఒకే సమాజంలో ఒక ఆడదానికి కులం సింహాసనం అయితే ఇంకో ఆడదానికి సంకెల అయింది. స్త్రీలందరిదీ ఒకటే బాధ అనే మాట ఇక్కడ నిలబడదు.

ప్రకటనల తర్వాత

ఆ ఏప్రిల్‌లో స్వాతి తిరునాళ్‌కు అధికారం అప్పగించి పార్వతీబాయి పక్కకు తప్పుకుంది. ఆమె ప్రకటన మాత్రం ముప్పై ఏళ్ళు బతికింది. సర్కారు బానిసలకు పుట్టబోయే పిల్లలకు 1853లో, బానిసలందరికీ 1855లో విముక్తి ప్రకటించారు. గుడ్డ గొడవలు 1858 చివర్లో, 1859లో మళ్ళీ పెద్దగా చెలరేగాయి. మద్రాసు గవర్నరు ఒత్తిడి చేశాక 1859 జులై 26న షానారు స్త్రీలు ఒళ్ళు కప్పుకోవచ్చని కొత్త ప్రకటన వచ్చింది. అందులోనూ మెలిక ఉంది. ముతక గుడ్డను ముక్కువ జాలరి స్త్రీలలాగా కట్టుకోవచ్చు, ఇంకెలాగైనా కప్పుకోవచ్చు, పై కులాల స్త్రీల మాదిరి మాత్రం వేసుకోకూడదు.

పులయ స్త్రీల మాటేమిటి? వాళ్ళ ఒంటి మీద రాళ్ళ పూసల దండలు బానిసతనపు గుర్తుగా ఇంకో యాభై ఏళ్ళకు పైగా వేలాడాయి. 1915లో కొల్లం దగ్గర పెరినాడులో అయ్యంకాళి ఉద్యమం ఆ దండల్ని తెంపించింది. ఆడవాళ్ళు వాటిని తీసి కుప్పగా పోశారు. ‘కల్లుమాల సమరం’ అని ఇవాళ్టికీ చెప్పుకుంటారు.

బడి సంగతీ అంతే. 1863లో పులయ కుటుంబంలో పుట్టిన అయ్యంకాళికి బడి దొరకలేదు. 1893లో ఆయన ఎడ్లబండి మీద నడి దారిలో వెళ్ళి దారి హక్కు సాధించాడు. దారి తర్వాత బడి అడిగాడు. 1907లో సాధుజన పరిపాలన సంఘం పెట్టాడు. మా పిల్లల్ని బడిలో చేర్చుకోకపోతే మీ పొలాల్లో కలుపు మొలుస్తుందని చెప్పి పులయలతో పొలం పనులు ఆపించాడు. ఆజ్ఞలు వచ్చాయి. ఊరూట్టంబలం బడికి పంచమి అనే పులయ బాలికను తీసుకుపోతే పై కులాల వాళ్ళు ఆ బడినే తగలబెట్టారు. 1817 ఆజ్ఞకు అప్పటికి దాదాపు వందేళ్ళు. అందరి చదువుకు పునాది ఎవరు వేశారన్న ప్రశ్నకు జవాబు ఈ కాలిన బడి దగ్గర వెతకాలి. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ ఆది హిందువుల పిల్లలకు బడులు పెట్టిన కాలం కూడా ఇదే. రెండు చోట్లా బడి కోసం మొదట కదిలింది బడి లేనివాళ్ళే.

అదే వంశంలో ఇంకో రాణి, సేతు లక్ష్మీబాయి, 1924 నుంచి 1931 దాకా పాలించింది. ఆమె వచ్చేసరికి వైకోం గుడి చుట్టూ ఉన్న దారుల కోసం సత్యాగ్రహం నడుస్తున్నది. 1924 మార్చి 30న మొదటిరోజు అరెస్టయిన ముగ్గురిలో కుంజప్పి పులయ కులస్తుడు. రాణి ఖైదీల్ని విడిచిపెట్టింది. 1925 ఫిబ్రవరిలో దారులు తెరవాలన్న తీర్మానం శాసనమండలిలో 21 ఓట్లకు 22 ఓట్లతో ఓడిపోయింది. ఆ మార్చిలో గాంధీ వచ్చి రాణిని కలిశాడు. చివరికి మూడు వైపుల దారులు తెరిచారు, తూర్పు దారి సవర్ణులకే ఉంచారు. గుడి తలుపులు 1936లో గాని తెరుచుకోలేదు. ఈ రాణి పార్వతీబాయి కన్నా మెత్తని మనిషే. అయినా ఆమె ఇచ్చింది, కింది నుంచి తోసిన మేరకే ఇచ్చింది.

వారసత్వం ఎవరిది

ఇదంతా పాత కథ అనుకోవడానికి లేదు. సీబీఎస్‌ఈ తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రంలో కులం, దుస్తులు, గొడవల మీద ఒక భాగం ఉండేది. షానారు స్త్రీల పోరాటం అందులో ఉంది. అందులో నాడార్ల గురించి రాసిన తీరు తప్పని అభ్యంతరాలు వచ్చాయి, వ్యవహారం మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళింది. 2016 డిసెంబరులో ఆ భాగాన్ని పరీక్షల నుంచి తీసేస్తూ సర్క్యులర్ వచ్చింది. 2019లో ఎన్‌సీఈఆర్‌టీ దుస్తుల చరిత్ర అధ్యాయాన్నే తొలగించింది. ఒక కులం గురించి తప్పు రాస్తే దిద్దాలి, అది న్యాయం. దిద్దకుండా మొత్తం తీసేస్తే ఆ పోరాటం చేసిన ఆడవాళ్ళు కూడా పోతారు. 1817 ఆజ్ఞ మాత్రం పుస్తకాల్లో భద్రంగా ఉంది.

స్త్రీల రిజర్వేషన్ బిల్లు 1996లో మొదటిసారి పార్లమెంటుకు వచ్చినప్పుడు మన దగ్గర కూడా ఈ చర్చే నడిచింది. ఏ స్త్రీలు అని అడిగినవాళ్ళను స్త్రీలకు వ్యతిరేకులన్నారు. 2023లో అది చట్టమైంది. ఎస్సీ, ఎస్టీ సీట్లలో ఆ కులాల స్త్రీలకు భాగం ఉంది, వెనకబడిన కులాల స్త్రీలకు ప్రత్యేక వాటా లేదు. ఆనాటి ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదన్నమాట.

కాబట్టి తరగతి గదిలో పార్వతీబాయి పాఠం చెప్పే టీచర్లకు ఒక విన్నపం. 1817 ఆజ్ఞ చెప్పండి, తప్పకుండా చెప్పండి. దాని పక్కనే 1829 ప్రకటనా చెప్పండి. వేదమాణిక్యం పేరు, పంచమి పేరు చెప్పండి. ఆ తర్వాత పిల్లల్నే అడగండి, ‘ప్రజలు’ అన్న మాటలోకి పులయ పిల్ల ఎప్పుడు వచ్చింది, ఎవరు తీసుకొచ్చారు అని. వెనక బెంచీలో కూర్చున్న మన పిల్లలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలరు.